రోజూ ఒకే పరుగైతే టైమింగ్ తగ్గదు

సంపాదకులకు,

కానిస్టేబుల్ పోస్టులు పడుతున్నాయన్నా, అగ్నివీర్ ర్యాలీ ఉందన్నా ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస వైపు తెల్లవారుజామున నాలుగున్నరకే గ్రౌండ్లు నిండిపోతాయి. ఒడిశా సరిహద్దు దాటితే పర్లాకిమిడి, బరంపురంలో తెలుగు కుర్రాళ్లదీ అదే వరస. వీళ్ల కష్టానికి వంక పెట్టలేం, వంకంతా పద్ధతిలోనే. సోమవారం నుంచి శనివారం దాకా అదే దూరం, అదే వేగం, అదే ఆయాసం. మొదట్లో టైమింగ్ చకచకా తగ్గుతుంది, తర్వాత ఒకచోట ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఇంకా గట్టిగా పరుగెత్తబోతే మోకాలి కింద ఎముక నొప్పి పట్టుకుంటుంది.

కారణం సులువే. రోజూ పరుగెత్తే ఆ మధ్యరకం వేగం ఎటూ కాదు. ఓపిక పెరగాలంటే నలభై నిమిషాలో గంటో ఆగకుండా పోవాలి, ఆ వేగంతో అంతసేపు పోలేరు. కాళ్లకు వేగం అలవడాలంటే ఇంకా గట్టిగా పోవాలి, నిన్నటి అలసట తీరకపోవడంతో అదీ కుదరదు. పైగా గుంపుగా పరుగెత్తేటప్పుడు అందరికన్నా ముందున్నవాడి వేగమే అందరికీ కొలత అవుతుంది. వెనకున్నవాడికి అది రోజూ పరీక్షే.

వారానికి రెండే గట్టి రోజులు పెట్టుకోవాలి. వాటి మధ్య కనీసం 48 గంటల ఎడం ఉండాలి. ఒక రోజు పూర్తి విశ్రాంతి, మిగతావన్నీ నెమ్మది పరుగులు. నెమ్మది అంటే పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ పోగలగాలి. రెండు మాటలకోసారి ఊపిరి కోసం ఆగాల్సి వస్తే అది నెమ్మది కాదు. మన తీరంలో గాలి ఉక్కగా ఉన్న రోజు అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది కాబట్టి ఆ రోజు వాచీ చూడకపోవడమే మంచిది. అందరికీ కష్టమనిపించేది ఈ నెమ్మదే. బద్ధకంగా ఉన్నామేమోనని సిగ్గుపడి వేగం పెంచేస్తారు.

గట్టి రోజుల్లో ఒకటి ఫార్ట్‌లెక్. స్వీడన్ కోచ్ గోస్టా హోల్మేర్ 1930ల్లో రూపొందించిన పద్ధతి ఇది, ఆ మాటకు అర్థం వేగంతో ఆట. దీనికి ట్రాక్ అక్కర్లేదు. కొబ్బరి తోటల మధ్య మట్టిదారి, ఓ పక్క కరెంటు స్తంభాలు ఉంటే సరిపోతుంది. పది పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా మెల్లగా పరుగెత్తాక ఒక నిమిషం గట్టిగా, రెండు నిమిషాలు మెల్లగా, అలా ఆరుసార్లు. వాచీ లేకపోతే మూడు స్తంభాలు గట్టిగా, ఆరు స్తంభాలు మెల్లగా. వారానికొకటి చొప్పున పెంచుతూ పదిసార్లకు చేరాలి. మధ్యలో నడవకూడదు. నడవాల్సి వచ్చిందంటే గట్టిగా పోయినప్పుడు మితిమీరినట్టే. ఈ పరుగు జాతీయ రహదారి అంచున మాత్రం వద్దు, చీకట్లో అసలే వద్దు.

రెండోది 400 మీటర్ల రౌండ్లు. ఇక్కడ లెక్క కావాలి. పరీక్షలో పరుగెత్తాల్సిన 1600 మీటర్లంటే నాలుగు రౌండ్లు. రాష్ట్రంలో గత కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులకు గడువు 8 నిమిషాలు, అంటే రౌండుకు 120 సెకన్లు. అగ్నివీర్‌లో పరుగుకు పూర్తి 60 మార్కులు రావాలంటే 5 నిమిషాల 30 సెకన్లలోపు రావాలి, అంటే రౌండుకు ఎనభై రెండున్నర. ఇప్పుడు 6 నిమిషాల 30 సెకన్లలో ముగించేవారికి రౌండుకు తొంభై ఏడున్నర పడుతోంది. వాళ్లు ప్రాక్టీసులో ఒక్కో రౌండును 93 నుంచి 95 సెకన్లలో పూర్తిచేసి, మధ్యలో మూడు నిమిషాలు నడకా మెల్లని పరుగూ కలిపి, మొత్తం ఆరు రౌండ్లు చేయాలి. 82 సెకన్లను ఇప్పుడే అందుకోబోతే మూడో రౌండుకే కాళ్లు బిగుసుకుపోతాయి. ఆఖరి రౌండు మొదటిదానికంటే మూడు సెకన్లకు మించి ఆలస్యమైతే తప్పు మొదటి రౌండులోనే జరిగింది. నెలకోసారి 1600 పరుగెత్తి చూసి, కొత్త టైమింగ్‌ను బట్టి అంకెలు మార్చుకోవాలి.

ఈ లెక్కంతా గ్రౌండు కొలతమీద ఆధారపడుతుంది. మన హైస్కూల్ గ్రౌండ్లలో ‘రెండొందల మీటర్లు’ అన్న చుట్టు నిజంగా ఎంతో కొలిచినవాళ్లు తక్కువ. చిన్న మలుపుల దగ్గర ఫోన్ యాప్‌నూ నమ్మలేం. సైకిల్ చాలు. టైరుమీద సుద్దతో గీత పెట్టి, సైకిల్ నడిపిస్తూ చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పి, నేలమీద ఎంత దూరం పోయిందో టేపుతో కొలవాలి. అది 2.10 మీటర్లు వస్తే 95 చక్రం చుట్లూ ఇంకో అర మీటరూ కలిపి 200. టైరులో గాలి తగ్గితే కొలతా తగ్గుతుంది, అందుకే గాలి కొట్టాకే కొలవాలి.

అసలు ట్రాక్ మీద ఇంకో మోసం ఉంది. మొదటి లేన్ వదిలి రెండో లేన్‌లో పోతే రౌండుకు సుమారు 7 మీటర్లు ఎక్కువ పరుగెత్తినట్టు. నాలుగు రౌండ్లకు దాదాపు 28 మీటర్లవుతుంది, 1600 మీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలో ముగించే వేగంతో పోయేవారికి అది దాదాపు ఆరు సెకన్లు. గుంపులో ఒకరిని దాటాలంటే తిన్నని దారిలో దాటాలి, మలుపులో కాదు.

ఇసుక పరుగు గురించీ రెండు మాటలు. మెత్తటి ఇసుకలో గట్టి పరుగు పిక్కల్నీ మడమ నరాన్నీ పట్టేస్తుంది. తడి ఇసుక గట్టిగానే ఉన్నా సముద్రం వైపు వాలుగా ఉండటంతో ఒక కాలిమీదే భారం పడుతుంది. వారానికి ఒక నెమ్మది పరుగు అక్కడ చాలు. ఎముక మీద వేలితో నొక్కితే ఒక్కచోటే చురుక్కుమని, నడిచినా రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి. ఎముకలో సన్నని చీలిక మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కాబట్టి ‘ఏమీ లేదన్నారు’ అని వెంటనే మళ్లీ దిగకూడదు.

నొప్పి బిళ్ల వేసుకుని పరుగెత్తే అలవాటు అన్నిటికంటే చెడ్డది. చెమటతో నీరు పోయిన ఒంట్లో ఆ బిళ్లలు కిడ్నీలకు అందే రక్తాన్ని తగ్గిస్తాయి. కిడ్నీ జబ్బులతో నలుగుతున్న మన ఉద్దానంలో ఈ మాట ఇంతకంటే విడమర్చక్కర్లేదు. గట్టి రోజు ముందు నీళ్లు, తర్వాత ఉప్పు వేసిన చోడి (రాగి) అంబలో ఓఆర్ఎస్సో తాగితే సరిపోతుంది.

పరీక్షకు అయిదు రోజుల ముందే ఆఖరి గట్టి పరుగు అయిపోవాలి. ఆ తర్వాత రోజుకు ఇరవై నిమిషాల నెమ్మది పరుగు, చివర్లో ఎనభై మీటర్ల చొప్పున నాలుగు చురుకు పరుగులు, అంతే.

పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ మా విన్నపం ఒకటే. కొత్త స్టేడియాలు అడగడం లేదు. ఉన్న హైస్కూల్ గ్రౌండును ఒక్కసారి సరిగా కొలిపించి, ప్రతి 100 మీటర్లకూ అంకె రాసిన రాయి పాతించండి. సున్నం గీతలు తొలి వానకే పోతున్నాయి.

– పరుగు శిక్షకులు, ఇచ్ఛాపురం