పబ్లిక్ డిఫెండర్ ఉద్యోగం గురించి

అమెరికాలో లా చదువుతూ పబ్లిక్ డిఫెండర్ (ఫీజు కట్టలేని నిందితుల తరఫున వాదించే ప్రభుత్వ లాయర్) ఉద్యోగం వైపు చూస్తున్న మన గ్రూప్ పిల్లల కోసం ఇది.

ఫ్లోరిడా జైల్లోంచి క్లారెన్స్ గిడియన్ పెన్సిల్‌తో పిటిషన్ రాస్తేనే, ఫీజు కట్టలేని నిందితుడికి రాష్ట్రాలు కూడా లాయర్‌ని ఇవ్వాలని 1963లో సుప్రీంకోర్టు తేల్చింది. లాయర్ లేక శిక్ష పడ్డ ఆయనే, రెండో విచారణలో లాయర్ సాక్షిని అడ్డప్రశ్నలతో నిలదీశాక నిర్దోషిగా బయటపడ్డాడు.

పని మాత్రం తేలిక కాదండీ. కేసుల కుప్ప, పెద్ద ఫర్మ్‌లతో పోలిస్తే తక్కువ జీతం. బెయిల్ కట్టలేక లోపలున్నవాళ్లు, ఇంటికెళ్తే చాలని చేయని నేరం కూడా ఒప్పేసుకుంటామంటారు. వాళ్లను కూర్చోబెట్టి ఓపిగ్గా మాట్లాడటమే అసలు పని అని నా అభిప్రాయం.

లోన్ టెన్షన్ ఉన్నవాళ్లు పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్‌గివ్‌నెస్ (PSLF) అనే రుణమాఫీ పథకం చూడండి. అర్హత ఉన్న 120 నెలవారీ వాయిదాలు కడితే మిగతా ఫెడరల్ లోన్ మాఫీ అవుతుంది.