నవ్విస్తే నవల కాకుండా పోతుందా?

సంపాదకుల వారికి,

అయ్యా, మీ ఆదివారం అనుబంధంలో ఆ మధ్య వచ్చిన నవలా సమీక్ష గురించి ఈ ఉత్తరం. ఎవరో ఒకరు రాస్తారులే అని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ రాయలేదు. నవల పేరు మళ్లీ నేను రాయను, రాస్తే రచయితకు మేనమామనని అనుమానిస్తారు. రైస్ మిల్లు గుమాస్తా, మీసేవ కేంద్రంలో పనిచేసే అమ్మాయి, మధ్యలో రెండు కుటుంబాలు అంటే చదివినవాళ్లకు తెలిసిపోతుంది.

అది కాలక్షేపం పుస్తకమట. సామాజిక ప్రయోజనం లేదట. పైగా తెలంగాణ నవలకు పోరాటమే ఊపిరి కాబట్టి హాస్యం మనకు అతకదని కూడా మీ సమీక్షకులు సెలవిచ్చారు. వారు పుస్తకం చివరిదాకా చదివారా, అట్ట వెనక నాలుగు లైన్లు చూసి రాశారా అని నాకు అనుమానం.

ఆ గుమాస్తా పిల్లవాడు ఓనరు తరఫున సీఎంఆర్ బియ్యం, అంటే సర్కారు ధాన్యం మరాడించి తిరిగి అప్పజెప్పాల్సిన బియ్యం, గడువు పెంచమని అధికారులకు అర్జీలు రాసీ రాసీ, చివరికి ప్రేమలేఖలో కూడా 'తమరు దయతలచి గడువు పొడిగించగలరని ప్రార్థన' అని రాస్తాడు. అమ్మాయి తండ్రి చౌటుప్పల్ పక్కన నాలుగు గుంటల భూమి పట్టుకుని ట్రిపుల్ ఆర్ (రీజినల్ రింగ్ రోడ్డు) కోసం కాచుక్కూర్చుంటాడు. అలైన్‌మెంట్ అటు జరిగిందంటే కట్నం పెరుగుతుంది, ఇటు జరిగిందంటే పెళ్లిచూపులు వాయిదా పడతాయి. సర్వర్ డౌన్ అయినంతసేపే ఆ ఇద్దరికీ మాట్లాడుకునే వీలు. మన జిల్లాలో ధాన్యం, భూమి, సర్టిఫికెట్టు మనిషిని ఎట్లా ఆడిస్తున్నాయో ఇంతకంటే ఎవరు చెప్పారు? ఇదే సంగతి ఏడుస్తూ చెప్పి ఉంటే మీ సమీక్షకులు అరపేజీ ఇచ్చేవారు.

నల్లగొండ అంటే ఫ్లోరైడ్, పాలమూరు అంటే వలస. మాకు ఈ రెండు బోర్డులే రాసిపెట్టారు. మర్రిగూడ వైపు వంగిపోయిన కాళ్ల గురించి రాయాల్సిందే, ముంబై బస్సెక్కిన కూలీల గురించి రాయాల్సిందే. కాదన్నదెవరు? కానీ ఆ నీళ్లు తాగిన ఊళ్లలోనూ బావామరదళ్లు పరాచికాలాడుకున్నారు, వియ్యంకులు మర్యాదల దగ్గర అలిగారు. ఇక భాష సంగతి. మన యాసను సినిమాల్లో రౌడీకో పనిమనిషికో అంటగట్టి జనాన్ని నవ్వించిన రోజులు మాకు గుర్తున్నాయి. ఈ నవలలో మన మాట మాట్లాడేవాళ్లు నవ్విస్తారు గానీ నవ్వులపాలు కారు. సమీక్షలో దీని మీద ఒక్క ముక్క లేదు.

హాస్యం మనకు అతకదా? ఖాకీ డ్రెస్సు వేసి, కట్టె తుపాకీ భుజాన పెట్టుకుని, ఊరి పెద్దల ముందే ఊరి పెద్దలను వెక్కిరించిన పిట్టలదొర ఏ దేశపు వాడు? బిజినేపల్లిలో పుట్టిన పాకాల యశోదారెడ్డి గారు పాలమూరు మాటలతోనే కథలు చెప్పారు గదా, ఆ కథల్లో చమత్కారం లేదనగలరా? తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పాల్సి వచ్చింది. ఆ మాట పడ్డ గడ్డ మీద మనవాళ్లే మళ్లీ ఫలానాది మనకు లేదు, రాదు అని రాస్తుంటే ఒళ్లు మండదా?

సరే, సమీక్షకుల రుచి సమీక్షకులది. కానీ ఆ పుస్తకం చదివి ఎవరి అభిప్రాయం వారు చెప్పుకుందామన్నా దొరికేదెక్కడ? మా పట్టణంలో ఇంటర్ గైడ్లు, గ్రూప్స్ మెటీరియల్ తప్ప నవల అమ్మే కొట్టు లేదు. నా కాపీ మా అల్లుడు హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో కొన్నది, అది వీధంతా తిరిగి అట్ట ఊడింది. లైబ్రరీలో అడిగితే బడ్జెట్ రాలేదన్నారు. బీరువాకు తాళం, తాళంచెవి ఇన్‌ఛార్జి దగ్గర, ఆ ఇన్‌ఛార్జి ఇంకో ఊరి లైబ్రరీలో. హాలు నిండా పోటీ పరీక్షల పిల్లలే. వాళ్లను ఏమీ అనను, నోటిఫికేషన్ల టెన్షన్ వాళ్లది. నిజానికి ఈ నవల ముందుగా ఇవ్వాల్సింది వాళ్లకే.

ఇంటి పన్ను మీద నూటికి 8 రూపాయల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మేం కట్టడం ఆలస్యమైతే వడ్డీ వేస్తారు. మా దగ్గర వసూలైన సెస్సు లైబ్రరీకి చేరడం ఆలస్యమైతే వడ్డీ ఎవరి మీద వేయాలి? ఎటూ నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేస్తారు. దండలు, ఉపన్యాసాలు, ముగ్గుల పోటీలు అన్నీ ఉంటాయి, కొత్త పుస్తకం ఒక్కటి ఉండదు. ఈసారి ఒక ఫ్లెక్సీ తగ్గించుకుని ఆ డబ్బుతో ఈ నవల రెండు కాపీలు కొనమనండి. కొన్నారని మీ జిల్లా పేజీలో వార్త వేసిన రోజు ఆ సమీక్ష సంగతి నేను మరచిపోతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హైస్కూల్ టీచరు,
నల్లగొండ జిల్లా