ఆదివారం గిటార్ థియరీ క్లాస్: కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) లోపల ఏముంది?

అందరికీ నమస్కారం 🎸
ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు ఆన్‌లైన్‌లో కలుద్దాం. 5:50 కల్లా ట్యూన్ చేసుకుని కూర్చోండి.

ఈలోగా చేయాల్సింది:
ఆరో తీగ (మందంగా ఉండేది) మీద 3వ ఫ్రెట్‌లో (మెడ మీది గడిలో) జి స్వరం ఉంటుంది. అక్కడి నుంచి 2-2-1-2-2-2-1 ఫ్రెట్ల చొప్పున జరిగితే 15వ ఫ్రెట్‌లో మళ్లీ జి రావాలి. అదే జి మేజర్ స్కేల్. వాయిస్తూ ప్రతి స్వరం పేరు పైకి చెప్పండి. చాలామంది ఏడో స్వరాన్ని ఎఫ్ అనేస్తారు, అది ఎఫ్ షార్ప్ (ఎఫ్ కన్నా ఒక ఫ్రెట్ పైన). షార్ప్ లేని స్వరాల్లో ఈ-ఎఫ్, బి-సి మధ్య మాత్రమే ఒక ఫ్రెట్ దూరం. మిగతా పక్కపక్క స్వరాలకు రెండు.

తర్వాత ఓపెన్ ఏ మేజర్ కార్డ్ (కొన్ని తీగలు నొక్కకుండా వాయించేది) పట్టుకోండి. మోగే తీగలు అయిదు, స్వరాలు మూడే: ఏ, సి షార్ప్, ఈ. రెండో తీగ మీది వేలిని 2 నుంచి 1వ ఫ్రెట్‌కి జరపండి (వేళ్లు మార్చుకోవాల్సి వస్తుంది, ఫర్వాలేదు). సి షార్ప్ కాస్తా సి అయింది, కార్డ్ మైనర్ అయింది. మేజర్, మైనర్ తేడా ఆ మూడో స్వరం (ఏ నుంచి స్కేల్‌లో మూడోది) ఒక్కటే!

ఒకే షేప్‌ని (వేళ్ల అమరికని) పక్క తీగలకు జరిపితే రెండో తీగ దగ్గర తేడా కొడుతుంది. 3, 2 తీగల మధ్య 4 ఫ్రెట్ల దూరం, మిగతా చోట్ల 5. కారణం అదే, మీ చెవిది తప్పు కాదు.

డి మేజర్ కార్డ్‌లోని మూడు స్వరాలు చేత్తో రాసి, శనివారం రాత్రిలోగా ఫోటో ఇక్కడే పెట్టండి. చార్ట్ స్క్రీన్‌షాట్లు వద్దు 🙂

గుర్తుంచుకోండి: క్లాస్‌లో మైక్ మ్యూట్!