అవధ్ కథ పాటతో ముగియలేదు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సంచికలో చరిత్ర ప్రసిద్ధుల మీద మీరు వేసిన పేజీ ఇష్టంగా చదివాను. రాజకీయం, యుద్ధం, సాహిత్యం, సంగీతం అని నాలుగు గళ్లు గీసి, సంగీతంలో లక్నో రాజధానిగా ఉన్న అవధ్ రాజ్యపు చివరి నవాబు వాజిద్ అలీ షాను, యుద్ధంలో బేగం హజ్రత్ మహల్‌ను పెట్టారు. ఆమె ఆయన ఒకప్పటి భార్య అన్న ముక్క ఎక్కడా లేదు. పైగా ఆయన పాటల్లో మునిగి రాజ్యం పోగొట్టుకున్నాడనీ, వారసుల్లేక అవధ్ రాజ్యసంక్రమణ సిద్ధాంతం (సొంత కొడుకు లేకుండా రాజు చనిపోతే రాజ్యం కంపెనీదే అన్న నియమం) కింద ఈస్టిండియా కంపెనీపరమైందనీ రాశారు. ఏళ్ల తరబడి చరిత్ర పాఠం చెప్పినదాన్ని, చదివి ఊరుకోలేకపోయాను.

వాజిద్ అలీ షాకు కొడుకులకు కొదవ లేదు. సతారా, ఝాన్సీ, నాగపూర్‌లను మింగిన ఆ సిద్ధాంతం అవధ్‌కు పనికిరాలేదు కాబట్టే గవర్నర్ జనరల్ డల్హౌసీ ‘దుష్పరిపాలన’ అనే సాకు వెతుక్కున్నాడు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు మీ పేజీని కత్తిరించి దాచుకుంటారు. ఈ ఒక్క తప్పైనా వెంటనే దిద్దండి.

ఇక పాటల సంగతి. 1801లోనే కంపెనీ అవధ్‌లో సగానికి దగ్గరగా రాయించుకుంది. నవాబుల దగ్గర లక్షల రూపాయలు అప్పులూ తీసుకుంది. 1847లో గద్దెనెక్కిన కొత్తలో వాజిద్ అలీ షా బాంకా, తిర్ఛా, ఘన్‌ఘోర్ అని పేర్లు పెట్టి కొత్త పటాలాలు ఏర్పాటు చేసి, కవాతులకు తానే గుర్రమెక్కి వెళ్లేవాడు. అది రెసిడెంటుకు, అంటే కొలువులో ఉండే కంపెనీ ప్రతినిధికి, గిట్టలేదు. రాజును సైన్యం జోలికి రానివ్వకుండా చేసి, ఆ తర్వాత ఆయనకు పాలన చేతకాదంటే ఏం న్యాయం? ఠుమ్రీ పాటకు, కథక్ నాట్యానికి లక్నో కొలువు చేసిన మేలు నేరంగా మారింది అలాగే. ‘అఖ్తర్’ అన్న పేరుతో ఆయన కవిత్వమూ రాశాడు.

1856 ఫిబ్రవరిలో రెసిడెంటు అవుట్రామ్ రాజ్యాన్ని కంపెనీకి అప్పగించే ఒప్పందం కాగితం పెట్టి మూడు రోజులు గడువిచ్చాడు. వాజిద్ అలీ షా తన తలపాగా తీసి అవుట్రామ్ చేతిలో పెట్టాడు కానీ సంతకం మాత్రం చేయలేదు. తల్లి మలికా కిష్వర్ ముసలితనంలో సముద్రం దాటి లండన్ వెళ్లి విక్టోరియా రాణిని కలిసింది. ఫలితం లేకపోయింది. తిరుగు దారిలో 1858లో పారిస్‌లో చనిపోయింది. అక్కడి పేర్ లాషేజ్ శ్మశానంలోనే ఆమెను ఖననం చేశారు. ఈమె పేరు మీ పేజీలో ఏ గడిలోనూ లేదు.

1857లో తిరుగుబాటు వచ్చేసరికి వాజిద్ అలీ షా కలకత్తాలో ఉన్నాడు. అక్కడ ఫోర్ట్ విలియంలో బందీ అయ్యాడు. ఇక్కడ లక్నోలో హజ్రత్ మహల్ పసివాడైన కొడుకు బిర్జిస్ ఖదర్‌ను గద్దె మీద కూర్చోబెట్టి యుద్ధం నడిపింది. మీరు ఆ యుద్ధం గురించి రాశారు, సంతోషం. కానీ ఆమె గొప్పతనం నాకు మరీ కొట్టొచ్చినట్టు కనపడేది 1858 నవంబర్‌లో పాలన కంపెనీ నుంచి రాణి చేతికి వచ్చిందన్న విక్టోరియా ప్రకటన వెలువడ్డాక ఆమె పేరిట వెలువడిన జవాబులో. కంపెనీ చట్టాలు అవే, ఒప్పందాలు అవే, ఉద్యోగులు వాళ్లే అయినప్పుడు రాణి వచ్చి మార్చిందేమిటని అడిగింది. ప్రజలు కోరుకుంటున్నా మా రాజ్యం మాకెందుకు తిరిగివ్వరని నిలదీసింది. రోడ్లు వేయడం, కాలువలు తవ్వడం తప్ప హిందుస్తానీలకు మంచి కొలువేదీ రాణి మాటివ్వలేదని ఎత్తిచూపింది. ఓడిపోతూ కూడా ప్రత్యర్థి కాగితాన్ని వాక్యం వాక్యం విప్పిచెప్పిన ఆ ప్రకటన రాజకీయమా, యుద్ధమా, సాహిత్యమా? ఆమె నేపాల్ వెళ్లిపోయి 1879లో కాఠ్మాండూలో కన్నుమూసింది. బ్రిటిష్ పింఛను మాత్రం తీసుకోలేదు.

తప్పు దిద్దుతూ మీరు వేసే సవరణ పక్కనే, వీలైతే ఆ ప్రకటనను పూర్తిగా తెలుగులో అచ్చు వేయండి. ఒక్క పేజీలో సరిపోతుంది.

– ఒక రిటైర్డ్ చరిత్ర అధ్యాపకురాలు