మార్పిడి బేరంలోనూ రూపాయి లెక్క రాయండి

సంపాదకులకు నమస్కారం.

పాత సామాను అమ్ముకోవడం కన్నా ఆన్‌లైన్‌లో ఒకరికొకరు మార్చుకోవడమే మేలనీ, పైసా ఖర్చు లేని పనీ అని ఈమధ్య మీ పత్రికలో రాశారు. చదివితే నవ్వొచ్చింది. నేను చిత్తూరు కోర్టు ఎదురుగా ముప్పై ఒక్క ఏళ్ళుగా జాబ్ టైపింగ్ చేస్తున్నాను. నా తెలుగు టైపు మిషను ఒకటి అట్లా మార్చుకోబోయి ఏమైందో రాస్తున్నాను. వీలైతే వేయండి.

మిషను రెమింగ్టన్, పెద్ద క్యారేజీది. దావాలూ అఫిడవిట్లూ కంప్యూటరు మీదికి పోయాక మూలన పడింది. ముందు ఆన్‌లైన్‌లో డబ్బుకే అమ్మకానికి పెట్టాను, 6,000 అని. ఫోటో పెట్టిన గంటలో "ఉందా?", "లాస్ట్ ఎంత?" అని పాతికమంది అడిగారు. వచ్చి చూసినవాడు ఒక్కడూ లేడు. మూడో రోజు ఒకాయన, మిలిటరీలో ఉన్నానంటూ, బేరమే ఆడకుండా ఒప్పుకున్నాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ముందు పది రూపాయలు వేశాడు, నిజంగానే పడ్డాయి. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే మిగతాది మీ ఖాతాలోకి వస్తుందన్నాడు. పక్క అంగట్లో జిరాక్సు అబ్బాయి చెయ్యి పట్టుకుని ఆపాడు. "సార్, డబ్బులు రావడానికి పిన్ ఎందుకు? పిన్ కొడితే పోవడమే!" ఇట్లా పోగొట్టుకున్నవాళ్ళు ఆలస్యం చేయకుండా సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలని కూడా వాడే చెప్పాడు.

ఆ పది రూపాయలతో ఇద్దరం టీ తాగి, ఇంక డబ్బు గొడవే వద్దనుకుని మార్పిడి గ్రూపులో చేరాను. నాకు కావాల్సింది ఇన్వర్టరు బ్యాటరీ. అర్జీ సగంలో ఉండగా కరెంటు పోతే కక్షిదారు నా మొహమే చూస్తాడు. తెలుగు మిషను కావాల్సినవాడి దగ్గర బ్యాటరీ ఉండాలి, అది వాడికి అక్కర్లేకుండా ఉండాలి. ఈ రెండూ కలిసేలోపు నాకు వచ్చినవి ట్రెడ్‌మిల్ ఒకటి, చేపల తొట్టె ఒకటి, కుక్కపిల్ల ఒకటి. బంగారుపాళ్యం వైపు రైతు ఒకరు మూడువందల కిలోల తోతాపురి మామిడికాయలు ఇస్తానన్నాడు. 2025 సీజను అది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తాయని ప్రకటించిన ఏడాది. ఆ 12 లెక్కన 3,600 అవుతుంది. "నీకు టైపు మిషను ఎందుకప్పా?" అంటే, "నాకొద్దు సార్, కాయలు కుళ్ళేలోపల దేనికో ఒకదానికి మారిస్తే, దాన్ని మళ్ళీ ఇంకొకరికి మార్చుకుంటా" అన్నాడు. ఆయన మాటకు నా దగ్గర జవాబు లేదు. మూడువందల కిలోల కాయలు పెట్టుకునే చోటూ లేదు.

చివరికి తిరుపతి కొర్లగుంట నుంచి ఒకరు దొరికారు. టీ అంగడి పెడుతున్నాడట, అలంకారానికి పాత మిషను కావాలట. రెండేళ్ళు వాడిన బ్యాటరీ ఇస్తానన్నాడు. నా వేళ్ళు అరిగిన మిషను బొమ్మలా కూర్చుంటుందా అని కొంచెం బాధేసింది గానీ, ఒప్పుకున్నాను. డెబ్బై కిలోమీటర్లు బస్సులో మోసుకుపోయాను. అతను కాగితం ఎక్కించి తన పేరు కొట్టుకుని చూసుకున్నాడు, అక్షరాలు ముత్యాల్లా పడ్డాయి. మిషను మంచిదో కాదో తెలియడానికి ఒక్క వరస చాలు. బ్యాటరీ సంగతి ఇంటికి తెచ్చి, కరెంటు పోయినాక గానీ తెలియదు. తూకంలో తేడా అక్కడే వచ్చింది. బ్యాటరీ యాభై కిలోల పైన ఉంటుంది, లోపల యాసిడ్. బస్సులో తెచ్చేది కాదు. చిత్తూరు వచ్చే లగేజీ బండివాడికి 500 ఇచ్చాను. ఆటోలూ చార్జీలూ కలిపి మొత్తం 840. పైసా ఖర్చు లేని పని ఇదీ!

ఒక ఫ్యాను, ఒక ట్యూబులైటు మీద ఆ బ్యాటరీ పద్దెనిమిది నిమిషాలు నిలబడింది. ఫోన్ చేస్తే, "చూసుకునే కదన్నా తీసుకుపోయింది" అన్నాడు. గ్రూపు నడిపే ఆయన "ఇక్కడ గ్యారంటీలు ఉండవు" అని రాసి నమస్కారం బొమ్మ పెట్టాడు. బ్యాటరీని తుక్కు కింద 2,400కి వేశాను. డబ్బుకే అమ్మి ఉంటే నోటు నోటే. ఇంటికి తెచ్చినాక చెడిపోదు.

చట్టం లేక కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో మార్పిడికి 118వ సెక్షను ఉంది. తానిచ్చినదాని మట్టుకు ప్రతివాడూ అమ్మినవాడే, తీసుకున్నదాని మట్టుకు కొన్నవాడే అని 120వ సెక్షను చెబుతుంది. వస్తువుల అమ్మకాల చట్టంలో మాత్రం ధర అంటే డబ్బే, కాబట్టి వస్తువుకు వస్తువు ఇస్తే అది అందులోకి రాదు. (ఆ చట్టం వచ్చింది 1930లో. సైబరు ఫోను నంబరూ అదే కావడం నాకు తమాషాగా ఉంటుంది.) కానీ బ్యాటరీ కోసం ఎవరు దావా వేస్తారు? టైపింగు నాదే అయినా, వకీలు ఫీజు ఎవరిస్తారు?

మా చిన్నప్పుడు మార్పిడి లేదా అంటే, ఉండేది. దోసిలి చెనక్కాయలు పోసి ఐసు తినేవాళ్ళం. మా అమ్మ పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకునేది. గిన్నెలవాడే ఎప్పుడూ గెలిచేవాడనుకోండి, అది వేరే మాట. అయినా గిన్నె చిల్లు పడితే పై నెల వాడు అదే వీధికి రావాలి, మా అమ్మ వాకిట్లోనే ఉంటుంది. గ్రూపులో ఉన్నవాడికి వాకిలి లేదు. మా అమ్మాయి ఇంటర్ పుస్తకాలు పక్కవీధి పిల్లతో మార్చుకుంది, ఏ గొడవా రాలేదు. అందులో తూచాల్సింది ఏమీ లేదు, మోయాల్సిందీ లేదు.

అందుకే గ్రూపులు నడిపేవాళ్ళను మీ ద్వారా అడుగుతున్నాను. మార్పిడికి పెట్టే ప్రతి వస్తువు పక్కన రూపాయల్లో విలువ, కొన్న సంవత్సరం, బిల్లుందా లేదా, చార్జీలు ఎవరివి అన్నది రాయనిదే ఫోటో పెట్టనివ్వకండి. తేడా వస్తే ఆ కాస్తా నగదుగా ఇవ్వచ్చు. సెల్‌ఫోను అయితే *#06# కొట్టి ఐఎంఈఐ (ఆ ఫోను గుర్తింపు) నంబరు చూసుకుని, కేవైఎం (KYM) అని ఇంగ్లీషులో కొట్టి ఆ నంబరు చేర్చి 14422కి మెసేజి పంపితే ఆ ఫోను వివరాలొస్తాయి. బండ్లు మార్చుకునేవాళ్ళు ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 పెట్టకుండా తాళాలు ఇచ్చేస్తున్నారు. చలానా పాత ఓనరుకు వచ్చినాక నా దగ్గరికి పరుగెత్తుకొస్తారు.

ఇంకొకటి, ఇది ప్రకటన అనుకోకండి. నా దగ్గర ఇంగ్లీషు మిషను ఒకటి మిగిలింది. ధర 4,000. నగదు తెచ్చి, కాగితం ఎక్కించి చూసుకుని తీసుకుపోవచ్చు. బ్యాటరీలు వద్దు.

ఇట్లు,
ఒక జాబ్ టైపిస్టు,
కోర్టు ఎదురుగా, చిత్తూరు