జలాంతర్గామి పక్కన ఒక వేట బోటు

సంపాదకులకు,

అయ్యా,

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని 2002 నుంచి ప్రదర్శనశాలగా కాపాడుకుంటున్నాం. ఇదే తీరాన్ని పోషిస్తున్న చేపల వేటకు గుర్తుగా ఒక మరబోటును కూడా అంతే శ్రద్ధగా నిలపాలని ప్రభుత్వాన్ని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఇంగ్లండులోని హల్ నగరం ఈ పని చేసి చూపించింది. 1960లో పక్కనే ఉన్న బెవర్లీలో తయారై, 1987 వరకు ఉత్తర సముద్రాల్లో కాడ్ చేపల వేట సాగించిన ‘ఆర్కిటిక్ కోర్సెయిర్’ ట్రాలర్‌ను అక్కడి నగరపాలక సంస్థ 1993లో కొని, స్వచ్ఛంద కార్యకర్తల శ్రమతో బాగుచేయించి, 1999లో సందర్శకులకు తెరిచింది. వలను వెనుక నుంచి కాక పక్క నుంచి లాగే పాత తరహా ట్రాలర్లలో హల్‌కు మిగిలింది అదొక్కటే. పైకప్పు లేని ఆ డెక్కు మీద, ఒళ్లు కొయ్యబారే చలిలో, కెరటాలు మీద విరుచుకుపడుతుండగా కళాసీలు చేపల కడుపులు కోసి శుభ్రం చేసి, కింది గదిలో మంచులో పేర్చేవారు. ఒక్కో వేటకు దాదాపు మూడు వారాలు పట్టేది.

1968 జనవరి, ఫిబ్రవరి నెలల్లో హల్ ట్రాలర్లు మూడు వరుసగా మునిగి 58 మంది చనిపోయినప్పుడు, ప్రతి ఓడలో రేడియో ఆపరేటరు ఉండి తీరాలని లిలియన్ బిలోకా నాయకత్వంలో మత్స్యకారుల ఇళ్ల ఆడవాళ్లు పోరాడి సాధించుకున్నారు. 1976లో చేపల హక్కుల తగాదాలో కోర్సెయిర్ ఢీకొన్న ఐస్‌లాండ్ గస్తీ నౌక ‘ఓడిన్’ కూడా నేడు రెయిక్యవిక్‌లో ప్రదర్శన నౌకగా ఉంది. తగవుపడిన రెండు దేశాలూ తమ తమ ఓడలను భద్రపరచుకోవడం నాకెంతో ముచ్చటగా తోచింది.

అన్నిటికంటే నాకు నచ్చింది, ఒకప్పుడు వేటకు వెళ్లినవారే కోర్సెయిర్‌లో సందర్శకులకు దగ్గరుండి అన్నీ వివరించిన తీరు. వల దింపడం, వించ్ తిప్పడం, తుపాను కబురు అందగానే బోటును ఒడ్డుకు చేర్చడం వంటివి చెప్పగల వృద్ధ సరంగులు మన ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల పేటల్లోనూ ఉన్నారు. వారు ఉండగానే మత్స్య, పర్యాటక శాఖలు బోటు యజమానుల సంఘాలతో మాట్లాడి, విరగ్గొట్టి అమ్మేయబోయే పాత బోట్లలో ఒకదాన్ని ఎంపిక చేయాలి. ఉప్పుగాలికి చెక్కా ఇనుమూ త్వరగా పాడవుతాయి కనుక, ఏటా మరమ్మతులకు విడిగా నిధి కేటాయించాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధ కాలంలో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి ఆ ఎంపికకు అదే అనువైన సమయం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం