అటవీ శాఖ మంత్రి గారికి: నా ఎర్రచందనం అమ్ముకోవచ్చా, కూడదా?

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ శాఖ మంత్రి గారికి,

నెల్లూరు జిల్లాలో వెలిగొండల కింద ఎకరన్నర మెట్టలో ఎర్రచందనం పెంచిన రైతు నమస్కరించి రాసుకుంటున్న లేఖ ఇది. ఊరి పేరు రాయడం లేదు, క్షమించాలి. రాస్తే చెట్లు ఎక్కడున్నాయో దొంగలకు నేనే చీటీ రాసి పంపినట్టవుతుంది. నా దరఖాస్తు నంబరు, భూమి కాగితాల నకళ్లు తమ పేషీకి పోస్టులో వేరుగా పంపాను. అలా పంపడం ఇది ఐదోసారి. మొదటి నాలుగింటికీ అందినట్టు సంతకంతో రసీదులు వచ్చాయి. నాకు ఇంతవరకు ప్రభుత్వం నుంచి ముట్టిన జవాబులు ఆ నాలుగు సంతకాలే.

సబ్సిడీ కోసమో పరిహారం కోసమో రాయలేదు. నా పట్టా భూమిలో, నేను నాటిన 288 చెట్లు నేను అమ్ముకోవచ్చా, కూడదా? అవునంటే అవునని, కాదంటే కాదని ఒక కాగితం ముక్క మీద రాసి ఇప్పించండి. నాలుగేళ్లు దాటినా ఆ ముక్క దొరకలేదు. ఇస్తామనరు, ఇవ్వమనీ అనరు. ‘పరిశీలనలో ఉంది’ అంటారు. పరిశీలనలో ఉన్న చెట్టు మీద నేను గొడ్డలి వేస్తే కేసు, వేయకపోతే దొంగలు వేస్తారు. ఎర్రచందనం దొంగల కోసం 2016లో అటవీ చట్టాన్ని కఠినం చేశారు, సంతోషమే. కానీ ఆ చట్టాన్ని తలచుకుని దొంగలు భయపడినట్టు నాకు కనపడలేదు. నేను మాత్రం రోజూ భయపడుతున్నాను.

2002 వానాకాలంలో నాటాను. గులకరాళ్ల నేల. నిమ్మ వేద్దామని మా నాన్న పట్టుబట్టాడు గానీ అక్కడ నిమ్మకు నీళ్లు చాలవు. ఎర్రచందనం పెట్టండి, మీ పిల్లల కాలానికి బంగారమవుతుంది అని మొక్కలిచ్చిన నర్సరీలోనే చెప్పారు. 400 మొక్కలు తెచ్చి, రెండు ఎండాకాలాలు కావిడితో నీళ్లు మోసి పోస్తే 295 బతికాయి. ఈ చెట్టు ఎంత నిదానంగా ఎదుగుతుందో తమకు తెలిసిందే. మా బావమరిది సముద్రం వైపు ఇసుక నేలలో సరుగుడు వేశాడు. నా చెట్టుకు చేవ, అంటే ధర పలికే లోపలి ఎర్ర కర్ర, తేలేలోగా అతను నాలుగు కోతలు కోసి అమ్ముకున్నాడు. లారీ వస్తుంది, కాటా వేస్తారు, డబ్బు లెక్కపెట్టి ఇస్తారు, లారీ వెళ్లిపోతుంది. ధర పడిపోయిందని అతనూ తిట్టుకుంటాడు, కానీ ఆ తిట్టుకోవడం డబ్బు లెక్కపెట్టుకున్న తర్వాత. ఒక్కసారి ఆ రకంగా తిట్టుకోవాలని నాకూ ఉంది.

2021 ఆగస్టులో దరఖాస్తు పెట్టాను. పట్టాదారు పాస్‌పుస్తకం, అడంగల్, 1బి, హద్దుల పటం అన్నీ జతచేశాను. పక్కనే రిజర్వు ఫారెస్టు ఉంది కనుక రెవెన్యూ వాళ్లు, అటవీ శాఖ వాళ్లు కలిసి కొలవాలన్నారు. సబబే. అడవి చెట్టును పట్టా చెట్టుగా చూపించి అమ్మే ఘనులు ఉన్నారు గనక కొలవాల్సిందే. ఆ కొలత తేదీ కుదిరేలోగా నవంబరు వానలు వచ్చాయి. ఆ ఏడు నెల్లూరు జిల్లా ఎంత మునిగిందో చెప్పనక్కర్లేదు. నా తోటలో నాలుగు చెట్లు వేళ్లతో సహా ఒరిగిపోయాయి. అయ్యా, పడిపోయిన చెట్లనైనా ఇంటికి చేర్చుకుంటానని అడిగితే, అనుమతి వచ్చేదాకా అక్కడే ఉండాలి, అంగుళం కదిపినా నేరమే అన్నారు. అంగుళం కదపలేదు. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. పైనున్న తెల్లచెక్కనంతా చెదలు తినేశాయి. లోపలి చేవ జోలికి చెద కూడా పోలేదు. మట్టి దులిపి చూస్తే ఎర్రగా, నున్నగా, నిన్న కోసినట్టే ఉంటుంది. నీళ్లలో వేస్తే మునిగిపోయే కర్ర అది. నాలుగు దుంగలూ నాలుగేళ్లుగా బురదలో పడుకుని ఎవరి సంతకం కోసం ఎదురుచూస్తున్నాయో తెలుసుకోవాలని ఉంది.

2022 ఫిబ్రవరిలో ఎట్టకేలకు కొలవడానికి వచ్చారు. రెండు రోజులు పట్టింది. రొమ్ము ఎత్తున టేపు చుట్టి, చుట్టుకొలత పుస్తకంలో రాసుకుని, ప్రతి చెట్టుకూ తెల్లరంగుతో నంబరు వేశారు. రంగు డబ్బా, కుంచె నేనే కొనిచ్చాను. వచ్చిన వాళ్లకు రెండు పూటలా భోజనం మా ఇంట్లోనే. అది నేను ఎత్తిచూపడం లేదు, ఇంటికొచ్చిన వారికి అన్నం పెట్టడం మా పద్ధతి. 291 అంకె పడ్డ రోజు సాయంత్రం నేను, నా భార్య తోటలో నడిచాం. పెళ్లికి సున్నం వేసిన ఇంటి స్తంభాల్లా కనపడ్డాయి. మూడు నెలల్లో అనుమతి వస్తుందన్నారు.

మూడు నెలల్లో వచ్చింది ఆ అధికారి బదిలీ ఉత్తర్వు.

తర్వాత వచ్చిన ఆయన ఫైలు మొదటినుంచి చూడాలన్నారు. చూస్తుండగానే మా ఊళ్లో భూముల రీసర్వే జరిగింది. పాత సర్వే నంబరు పోయి కొత్తగా ఎల్‌పీఎం (భూకమతం పటం) నంబరు వచ్చింది. దరఖాస్తులో పాత నంబరు, చేతిలోని పాస్‌పుస్తకంలో కొత్త నంబరు. రెండూ ఒకటేనని తహసీల్దారు నుంచి ధ్రువపత్రం తెమ్మన్నారు. తహసీల్దారు కార్యాలయంలో అడిగితే, అటవీ శాఖ నుంచి లేఖ వస్తే ఇస్తామన్నారు. లేఖ రాయండని ఇటు వస్తే, ధ్రువపత్రం ఇవ్వమని మేమెందుకు అడుగుతాం, కావలసింది మీకు కదా అన్నారు. ఈ రెండు కార్యాలయాల మధ్య పదిహేను కిలోమీటర్లు. ఏడు నెలలు తిరిగాను. భూమి మారలేదు, చెట్లు నడిచి పక్క పొలంలోకి పోలేదు, కాగితం మీద అంకె మారింది. మార్చింది ప్రభుత్వమే. అయినా రుజువు చేయాల్సింది మాత్రం నేను.

ఇక 2023. ఎండాకాలం, అమావాస్యకు ముందు రోజు రాత్రి. మూడు చెట్లు కోసుకుపోయారు. రంపంతో కోశారు, చప్పుడే రాలేదు. లావుగా, నిటారుగా ఉన్నవే ఏరుకున్నారు, కొలత పుస్తకం చదివి వచ్చినట్టు. (నేను ఎవరినీ అనడం లేదు. లావైన చెట్టు చీకట్లో తడిమినా తెలుస్తుంది.) తెల్లారి నేనే వెళ్లి ఫిర్యాదు చేశాను. అక్కడ అడిగిన మొదటి ప్రశ్న: ‘నువ్వే కోయించావా?’ రెండో ప్రశ్న: ‘ఎంతకు ఇచ్చావు?’ ఇరవై ఏళ్లు పెంచినవాడిని పట్టుకుని అడిగిన మాటలివి. నా కొడుకు బెంగళూరు నుంచి సెలవు పెట్టి వచ్చి వాంగ్మూలం ఇచ్చాడు, ఆ వారం తాను ఫోనులో ఎవరెవరితో మాట్లాడాడో లెక్కతో సహా. మోళ్ల మీద సుత్తి ముద్ర కొట్టి, కేసు రాసుకుని వెళ్లారు. కేసు ఇంకా నడుస్తోంది. ఈలోగా ఆ మోళ్లు చిగిర్చాయి. కొత్త కొమ్మలు నా తలను దాటి పెరిగాయి.

2024లో మళ్లీ కొలవాలన్నారు. ఎందుకంటే రెండేళ్లలో చెట్లు లావెక్కాయి, పాత కొలతలు చెల్లవు. 117 నంబరు చెట్టు 2022లో 71 సెంటీమీటర్లు, 2024లో 75. ఎంతో నిదానంగా పెరిగే చెట్టు, మన తూర్పు కనుమల్లో తప్ప మరెక్కడా సహజంగా మొలవని చెట్టు, తమ ఫైలుకన్నా వేగంగా పెరిగిందన్నమాట. ఎర్రచందనం బెరడు మొసలి చర్మంలా బిళ్లలు బిళ్లలుగా పగులుతుంది కదా, పాత అంకెలు ఆ బిళ్లలతో పాటు విడిపోయాయి. ఒకటి ఒక బిళ్ల మీద, ఏడు ఇంకో బిళ్ల మీద. కొన్నింటి మీద సున్న ఒక్కటే మిగిలింది. మళ్లీ రంగు డబ్బా, మళ్లీ భోజనాలు. లెక్క 288 తేలింది. అప్పుడు అడిగారు చూడండి, ‘పాత లెక్క 291, ఆ మూడూ ఏమయ్యాయి? వివరణ ఇవ్వండి’ అని. దొంగతనం కేసు కాగితం అదే కార్యాలయం ముద్రతో అదే ఫైల్లో ఉంది, నాలుగు పేజీలు వెనక్కి తిప్పితే కనపడుతుంది. తిప్పలేదు. నేను వివరణ రాసిచ్చాను. ఆ వివరణ ఇప్పుడు పరిశీలనలో ఉంది.

సోమవారం అర్జీలకు కలెక్టరు కార్యాలయానికి కూడా వెళ్లాను. మూడుసార్లు. మూడుసార్లూ పది రోజుల్లోపే ఫోనుకు సందేశం వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడినది. ఏమిటా పరిష్కారమని వెళ్లి అడిగితే, సంబంధిత శాఖకు పంపాము కనుక పరిష్కరించినట్టే అన్నారు. ఈ లెక్కన నా సమస్య మూడుసార్లు తీరిపోయింది, నాకే తెలియలేదు.

పత్రికలు చదివితే మాత్రం నా అంత అదృష్టవంతుడు లేడు. 2019లో కేంద్రం పట్టా భూముల్లో పెంచిన ఎర్రచందనం ఎగుమతికి దారి తెరిచింది. అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్, ఎర్రచందనం విషయంలో 2004 నుంచి మన దేశం మీద పెట్టిన సమీక్ష 2023 నవంబరులో తొలగింది, ఇక రైతులకు పండగే అన్నారు. 2025లో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ మన రాష్ట్రంలో 198 మంది ఎర్రచందనం రైతులకు, ఒక విద్యాసంస్థకు కలిపి, అమ్మిన కర్ర మీద లాభంలో వాటాగా మూడు కోట్ల రూపాయలు పంచింది, అందులో మన జిల్లా వాళ్లూ ఉన్నారు. అంటే అమ్ముకోగలిగిన వాళ్లు ఉన్నారు, అనుమతి అనేది ఒకటి ఉంది, అది మనుషులకు దొరుకుతుంది. నాకు అందులో తేడా ఏమిటో చెప్పగలరా? ఢిల్లీ నుంచి, జెనీవా నుంచి బయలుదేరిన వరాలు కొండలు సముద్రాలు దాటి వచ్చి మా అటవీ రేంజి కార్యాలయం బయటి బల్ల మీద కూర్చున్నాయి. నేనూ ఆ బల్ల మీదే కూర్చుంటున్నాను, ఇంతవరకు పలకరించుకోలేదు.

ఇంకో మాట, కోపం వస్తే మన్నించండి. దొంగల దగ్గర పట్టుకున్న దుంగలను ప్రభుత్వం ఈ-వేలం వేసి విదేశాలకు అమ్ముతోంది, టన్ను లక్షల్లో పలుకుతుంది. దొంగ నరికిన చెట్టు వేలం దాకా పోయి ఓడ ఎక్కుతుంది. పాస్‌పుస్తకం ఉన్నవాడి చెట్టు గట్టు దాటదు. నా మూడు చెట్లూ ఎక్కడైనా పట్టుబడి ఉంటే, వాటికైనా మోక్షం దక్కి ఉంటుందని ఆశ.

అసలు ఇప్పుడు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం, దసరా ముందు ఒక దళారీ వచ్చాడు. చెట్టుకు ఐదు వేల చొప్పున గంపగుత్తగా 288 చెట్లకు 14,40,000 రూపాయలు ఇస్తానన్నాడు. అనుమతి సంగతి తాను చూసుకుంటాడట. ఎలా చూసుకుంటావయ్యా అంటే నవ్వాడు. నాలుగేళ్లుగా నాకు కదలని ఫైలు అతని చేతిలో నెలన్నరలో కదులుతుందని ధీమాగా చెప్పాడు. ఆ ధీమా ఎక్కడి నుంచి వచ్చిందో తమరు విచారించుకోవాలి, నేను విచారించలేను. అతనిచ్చే ధర కర్ర విలువలో ఏ మూలకూ రాదని నాకు తెలుసు. అతనికీ తెలుసు. నాకు 66 ఏళ్లని, మోకాళ్లు పోయాయని, రాత్రిపూట తోట కాపలాకు మనిషి దొరకడని కూడా అతనికి తెలుసు.

మా ఇంట్లో రెండు మాటలున్నాయి. నా భార్య, ఏటేటా చేవ పెరుగుతోంది, ఇంకో పదేళ్లు ఉంచి మనవడికి వదిలేద్దాం అంటుంది. నా కొడుకు, ఉన్నకాడికి ఇచ్చేసి పీడ వదిలించుకో నాన్నా, ఈసారి చెట్లతో పాటు నిన్నూ కోస్తారు అంటాడు. అప్పు కోసం బ్యాంకుకు పోతే భూమికి విలువ కట్టి చెట్ల గడిలో సున్న వేశారు. అమ్మే కాగితం లేని చెట్టుకు విలువ ఏముంటుంది అని మేనేజరు గారే నన్ను అడిగారు. ఆ మాటతో నాకు కోపం రాలేదు. నిజమే అనిపించింది. ఉంచుకోవడమా, అమ్మడమా అన్నది రైతు తేల్చుకోవలసిన లెక్క. ఇప్పుడు కోస్తే ఎంత, ఆగితే ఎంత, దొంగల భయం ఎంత, నా ఆయుష్షు ఎంత అని వేసుకోవచ్చు. ఆ లెక్కలో అనుమతి అనే అంకె తెలియకపోతే మిగతావి ఎన్ని కూడినా ఏం లాభం?

కనుక వేడుకుంటున్నాను. 288 చెట్లకు అనుమతి ఇవ్వండి, లేదా ఎందుకివ్వరో రాసివ్వండి. పడిపోయిన నాలుగింటికైనా ముందు ఇవ్వండి. దరఖాస్తు మీద ఇన్ని రోజుల్లో తేల్చాలని గడువు పెట్టి, అది దాటితే ఎవరు జవాబుదారో చెప్పండి. పాత నంబరు, కొత్త నంబరు గొడవ రెండు శాఖలూ ఫోనులో మాట్లాడుకుని తేల్చుకునేలా చేయండి, నా బస్సు ఖర్చు మిగులుతుంది. ఏదీ కుదరకపోతే, ఈ చెట్లు అమ్ముకోవడానికి వీల్లేదు అని ఒక్క వాక్యం రాసి ముద్ర వేసి పంపండి. అది చూపించి నా కొడుకు నోరైనా మూయిస్తాను.

దళారీ సంక్రాంతి దాటాక వస్తానన్నాడు. అప్పటిదాకా ఆగమన్నాను. మూడోసారి కొలతలకు ఎవరినైనా పంపదలచుకుంటే ఆలోపే పంపించండి. రంగు డబ్బా తెచ్చి ఇంట్లో ఉంచాను.

ఇట్లు
తమ విధేయుడు,
వెలిగొండల కింద ఒక ఎర్రచందనం రైతు